చిన్నమ్మ కట్టిన దయ్యం వేషం

మా చిన్నాయన సంవత్సరీకానికని సూళ్లూరుపేట దగ్గర సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల ఊరికి పోయినప్పుడు, ముందుగదిలో గోడమీద ఆయన ఫోటో పక్కన ఒక దయ్యం ఫోటో చూసినాను. రెండు ఫోటోలకీ ఒకే రకం చామంతి దండలు వేసి, కుంకం బొట్లు పెట్టి ఉన్నాయి. నేను గడప దగ్గరే నిలబడిపోయినాను. తెల్లచీర, విరబోసిన జుట్టు, చీకట్లోంచి ఇటే చూస్తున్న పెద్ద కళ్లు, ఎడమ బుగ్గమీద కందిగింజంత మచ్చ. ఆ ముఖాన్ని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. నా చిన్నతనంలో ఒక ఆదివారం సాయంత్రం టీవీలో వేసిన ‘ఉప్పుబావి’ అనే సినిమాలో దయ్యం ఆమె. హాళ్లలో ఆడిన సినిమా కాదు, టీవీ కోసమే తీసింది. టెలిఫిల్ము అనేవాళ్లు. ఆ ముఖాన్ని తలుచుకుని పొద్దుగూకినాక ఒక్కదాన్నే పెరట్లోకి పోలేక ఎన్నేళ్లు అమ్మ కొంగు పట్టుకుని తిరిగినానో నాకే తెలుసు.

చెంగమ్మ నా చేతిలో సంచి అందుకుంటూ నేను చూస్తున్న వైపు చూసి, “అమ్మ బాగుండాది కదక్కా” అనింది.

చెంగమ్మ మా అమ్మ చెల్లెలు తులసమ్మ కూతురు. పాకడం కూడా రాని వయసులో తల్లిని పోగొట్టుకుంది. వాళ్ల నాయన, అంటే మా రమణయ్య చిన్నాయన, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వాళ్ల జేజి, అంటే చిన్నాయన తల్లి, పెంచింది. తల్లి ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లినాడు తీయించిన ఫోటో ఒకటుండేది గానీ, ఒక తుఫానుకి సరస్సు ఇళ్లల్లోకి వచ్చినప్పుడు నానిపోయి తెల్లకాగితమై మిగిలిందంట. ఇప్పుడు చెంగమ్మకి నలభై దాటినాయి. పీతలూ రొయ్యలూ కొని పేటకి వేస్తుంది. కూతురు దివ్య నర్సింగు చదువుతోంది. ఇంతకాలం తల్లి అంటే ఆమెకి పేరే, రూపం లేదు. ఇప్పుడు గోడమీద ఒక ముఖం ఉంది, అది తల్లిది కాదు. నేను “ఊఁ” అన్నాను.

ఆ ముఖం ఆ గోడమీదికి ఎట్టా వచ్చిందో భోజనాల దగ్గర ఆమే చెప్పింది. చిన్నాయన పోయే ముందు కొద్దిరోజులు మాట తడబడుతున్నా, ఒకనాడు కూతుర్ని దగ్గరికి పిలిచి, మీ అమ్మ టీవీ సినిమాలో దయ్యం వేసింది, ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు అన్నాడంట. పేరు కూడా చెప్పినాడు. ఆయన పోయినాక దివ్య ఫోనులో వెతికితే సినిమా దొరికింది. ఎవరో పాత టేపునుంచి ఎక్కించి పెట్టినారు. చెంగమ్మ అందులో ఆ ముఖం పెద్దగా కనపడే చోట ఆపించి, పేటలో స్టూడియోలో ఫోటో తీయించి, పటం కట్టించింది. చుట్టాలందరూ చూసి తల్లి పోలికలు కూతురికి రాలేదే అని అనుకుంటున్నారు. నేను ఆకులో అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. ఆ కాలం నాటి పెద్దవాళ్లందరూ పోయినారు, అక్కడున్న వాళ్లలో తులసమ్మ చిన్నమ్మని బతికుండగా చూసిన మనిషిని నేనొక్కదాన్నే.

మాది బోగోలు వైపు సముద్రం ఒడ్డున ఒక పాళెం. మా ఇల్లూ అమ్మమ్మ ఇల్లూ ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉండేవి, రెండూ తాటాకు ఇళ్లే. మగవాళ్లు తెల్లవారకముందే తెప్పలెక్కి పోతే, వాళ్లు ఒడ్డుకి వచ్చేదాకా పాళెంలో ఆడవాళ్ల రాజ్యమే. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బోగోలుకో కావలికో పోయేది. అమ్మమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని, ఇసకలో ఎండబోసిన నెత్తళ్ల చేపల దగ్గర పొడుగాటి కట్టెతో కాకుల కాపలా కూర్చునేది. కాకిని కొట్టేదీ ఆ కట్టెతోనే, నన్ను పిలిచేదీ ఆ కట్టెతోనే. ఎండుచేపల వాసన, తడి వలల వాసన, సరుగుడు పుల్లల పొగ, అన్నీ కలిసి మా గుడ్డలకీ జుట్టుకీ పట్టి ఉండేవి. కావలి బడిలో చేరినాక పక్కపిల్ల జరిగి కూర్చున్నప్పుడు గానీ అది వాసన అని నాకు తెలియలేదు. ఇప్పుడు కావలిలో మేడ ఇంట్లో ఉంటూ ఎప్పుడన్నా వీధిలో ఎండుచేపల బండి పోతే, గేటు దాకా పోయి నిలబడతాను. కొనడానికి కాదు.

ఇంటికి నీళ్లు తెచ్చే పని తులసమ్మ చిన్నమ్మది. అప్పటికి ఆమెకి పద్దెనిమిది కూడా లేవేమో. సముద్రానికి ఇవతల ఇసక దిబ్బల మధ్య చెలమ తవ్వితే మంచినీళ్లు ఊరేవి. ఊరినప్పుడే కొబ్బరిచిప్పతో తోడుకుని బిందె నింపుకోవాలి. వేసవిలో ఒక్క బిందెకి పూటంతా పట్టేది. నేను ఆమె వెంట పోయి చెలమ గట్టున కూర్చునేదాన్ని. నీళ్లు ఊరేదాకా ఆమె ఏదో ఒకటి చెప్తానే ఉండేది. బిందె నిండితే చంకలో పెట్టుకుని, కాలివేళ్లు ఇసకలో అదిమి, నడుం కదలకుండా నడిచేది. మా పాళెం ఆడవాళ్లందరూ అట్టాగే నడుస్తారు. లేకపోతే బిందెలో సగం నీళ్లు ఇసక పాలే.

ఒక ఏడు వానలు వెనకబట్టినాక మద్రాసు నుంచి ఒక వ్యానులో సినిమావాళ్లు వచ్చినారు. పాళేనికి అవతల సరుగుడు తోపుల్లో తెల్లదొరల నాటి ఉప్పు బంగళా ఒకటి పాడుబడి ఉండేది. అక్కడ దిగినారు. కథ చిన్నదే. ఒక ఉద్యోగస్తుడు కొత్త పెళ్లాంతో ఆ బంగళాలో కాపురం పెడతాడు. పెరట్లో బావి ఉంటుంది, నీళ్లు ఉప్పు. రోజూ పొద్దుగూకే వేళకి ఒకామె ఖాళీ బిందెతో వచ్చి, గుమ్మం బయట నిలబడి మంచినీళ్లు అడుగుతుంది. ఆమె ఎప్పుడో ఆ బావిలో పడి చచ్చిపోయిన మనిషి. ఇయ్యగూడదని అందరూ చెప్తారు. చివరికి ఆ పెళ్లాం జాలిపడి ఒక చెంబుడు నీళ్లు పోస్తుంది. నీళ్లు తాగినామె లోపలికి వచ్చి తలుపు వేసుకుంటుంది, నీళ్లు పోసినామె బయట బావి దగ్గర ఖాళీ బిందెతో మిగిలిపోతుంది. మొగుడు అన్నం తింటూ ఉంటాడు. మనిషి మారిన సంగతి అతనికి తెలియదు.

దయ్యం వేషానికి తెచ్చిన అమ్మాయి అరవ పిల్ల. చక్కగా ఉండేది. కానీ ఇసకలో బిందెతో నాలుగడుగులు వేస్తే పక్కకి ఒరిగిపోయేది, తెలుగు ఒక్క ముక్క రాదు. డైరెక్టరు సన్నగా, టోపీ పెట్టుకుని, మాట నెమ్మదిగా ఉండే మనిషి. ఆయన దిబ్బల మీద చిన్నమ్మ నీళ్లు తెస్తుంటే చూసి, అమ్మమ్మ దగ్గరికి వచ్చి ఇసకలోనే కూర్చున్నాడు. దూరం నుంచి నడిచేదీ, వెనకనుంచి కనపడేదీ మీ పిల్ల చేస్తే చాలన్నాడు. గొంతు కూడా ఆమెదే కావాలన్నాడు. అమ్మమ్మ చాలాసేపు కాకుల వైపు చూస్తా కూర్చునింది. తర్వాత ఆమె చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“నడవనీ. మాట్లాడనీ. ముఖం మాత్రం యాడా చూపీబాకండి. పెళ్లి కావాల్సిన పిల్ల. రేపు ఎవురన్నా దయ్యమని వేలు చూపిస్తే, ముఖం మార్చుకోను కుదరదు.”

ఆయన ఒప్పుకున్నాడు. మాట తప్పలేదు. కెమెరా ఎప్పుడూ చిన్నమ్మ వెనకాలే ఉండేది. ముఖం కావాల్సినచోట ఆ అరవ పిల్లని నిలబెట్టినారు. గొంతు టేపులో పట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. సముద్రం హోరు పడకుండా బంగళాలో ఒక గది తలుపులేసి, కిటికీలకి దుప్పట్లు కట్టినారు. చిన్నమ్మకి మొదట్లో నవ్వు ఆగలేదు. మూడు నాలుగుసార్లు నవ్వి, కొంగు నోట్లో కుక్కుకునింది. డైరెక్టరు విసుక్కోకుండా, మండువేసవిలో చెలమ దగ్గర కూర్చున్నావు, పొద్దునుంచీ చుక్క ఊరలేదు, ఇంట్లో బిడ్డ ఏడుస్తుండాది అనుకో అన్నాడు. ఆమె కాసేపు నేల చూసింది. తర్వాత ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అనింది.

“రోంత మంచినీళ్లుంటే పోస్తావా అక్కా.”

 తెలుగు రాని ఆ పిల్ల రెండు చేతులూ రుద్దుకుంటూ తలుపు దగ్గరికి జరిగింది. అది మా చిన్నమ్మ గొంతే, రోజూ నన్ను అన్నానికి పిలిచే గొంతే. అయినా నాకు ఆమె పక్కన కూర్చోవాలంటే కొంచెం భయమేసింది.

టీవీలో వేసిన సాయంత్రం పాళెం మొత్తం పంచాయతీ ఆఫీసు ముందర ఇసకలో కూర్చునింది. మా దిబ్బలూ మా సరుగుడు తోపూ కనపడగానే అందరూ నవ్వినారు, ఈలలేసినారు. చిన్నమ్మ నడుస్తా కనపడితే ఆమె ఈడు పిల్లలు ఆమె వీపు మీద చరిచినారు. తర్వాత ఆ మాట వినపడింది. నవ్వులు ఆగిపోయినాయి. పక్కన కూర్చున్న మనిషి గొంతు, ఆ పెట్టెలోంచి, చచ్చిపోయిన మనిషి గొంతుగా వస్తుంటే పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒకామె చంటిదాన్ని ఎత్తుకుని లేచిపోయింది. అమ్మమ్మ ఆఖరిదాకా కదలకుండా చూసి, ముఖం చూపలేదులే అని అమ్మతో అనింది. కానీ ముఖంతో పనేముంది, అందరికీ గొంతు తెలుసు.

ఆ తర్వాత పాళెంలో నిద్రపోని పిల్లల్ని తులసమ్మ వస్తాదని బెదిరించేవాళ్లు. నవ్వులాటకే అనేవాళ్లు, మొదట్లో. నిప్పుకనికకో చింతపండుకో ఎవరి వాకిట్లోనన్నా నిలబడి ‘అక్కా’ అంటే ఇంట్లో పిల్లలు లోపలికి పరిగెత్తేవాళ్లు. ఇంకొక పాళెంలో అనుకున్న సంబంధం వాళ్లు, దయ్యం వేషం కట్టిన పిల్ల మాకొద్దని కబురు పంపినారు. చిన్నమ్మ మాట తగ్గించేసింది. చెలమ దగ్గర కూడా ఊరికే కూర్చునేది. ఎవరినన్నా పిలవాలంటే దగ్గరికి పోయి చెయ్యి తట్టేది. తెప్పలు వచ్చేటప్పుడు ఒడ్డునుంచి కేకేసే ఆడవాళ్లలో ఆమె గొంతు లేకుండా పోయింది. అమ్మమ్మ కాచిన ముఖం చెక్కుచెదరకుండా ఉంది గానీ, ఆ ముఖంలో మాట లేదు.

అప్పుడే రమణయ్య చిన్నాయన వచ్చినాడు. సరస్సు మీద చేపలు పట్టే మనిషి. ఆయన సూళ్లూరుపేటలో ఒక అంగడి ముందర నిలబడి ఆ సినిమా చూసినాడంట. ఎవరి ద్వారానో కనుక్కుని తల్లిని వెంటబెట్టుకుని పెళ్లిచూపులకి వచ్చినాడు. ఏమన్నా అడగాలా నాయనా అని పెద్దవాళ్లంటే, ఆ మాట ఒకసారి అనమనండి అన్నాడు. మా నాయన లేవబోయినాడు. అమ్మమ్మ చేతిలో చుట్ట ఆగిపోయింది. చిన్నమ్మ తల వంచుకునే, చాలా చిన్నగా, ఆ మాట అనింది. ఆయన నవ్వి, “రోంతేంది, కడివెడు పోస్తా” అన్నాడు. ఎన్నో నెలల తర్వాత చిన్నమ్మ పైకి నవ్వడం ఆనాడే విన్నాను. పెళ్లయి ఇక్కడికి వచ్చినాక గొంతు తిరిగి వచ్చిందనీ, ఒడ్డున నిలబడి పడవ మీదున్న మొగుణ్ణి సరస్సంతా వినపడేట్టు పిలుస్తుందనీ చూసివచ్చినవాళ్లు చెప్పుకునేవాళ్లు. రెండేళ్లు తిరగకముందే పచ్చకామెర్లు వచ్చి పోయింది. చేతిలో చంటిబిడ్డ. మా పాళెంలో అందరూ ఒకటే మాట, వేషం కట్టించుకున్న దయ్యం ఊరికే పోతాదా అని. అమ్మమ్మ ఆ మాట ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ సినిమా పేరు మా ఇళ్లల్లో ఎత్తగూడదని మాత్రం చెప్పింది. తాను చచ్చిపోయేదాకా ఎవరినీ ఎత్తనీలేదు.

చుట్టాలు ఒక్కొక్కరే బస్సులకి పోయినారు. మధ్యాహ్నం ఎండ తగ్గుతుండగా ముందుగదిలో నేనూ చెంగమ్మా మిగిలినాము. దివ్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. చెప్పకుండా రైలెక్కితే ఎవరికీ ఏ నష్టమూ లేదని ఒక పక్క అనిపించింది. కానీ రేపు నేను కూడా చచ్చిపోయినాక ఆ గోడమీది ముఖమే నిజమైపోతుంది, తులసమ్మ చిన్నమ్మ అనే మనిషి లేనట్టే అయిపోతుంది. ఆ భయం గట్టిది.

“చెంగమ్మా, ఆ ముఖం అమ్మది కాదు” అన్నాను.

ఆమెకి మొదట అర్థం కాలేదు. మరి నాయన చెప్పినాడు కదా అనింది. నాయన అబద్ధం చెప్పలేదని, అమ్మమ్మ పెట్టిన షరతు దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పినాను. వింటున్నంతసేపూ ఆమె చాప కొసలో పుల్ల ఒకటి లాగుతూ కూర్చునింది. నేను ఆపినాక పటం వైపు తిరిగి, “సంవత్సరం నుంచి ఈమెకి దీపం పెడుతుండానక్కా” అనింది. కోపం లేదు ఆ మాటలో. తీసేయమంటావా అని నేనడిగితే, ఉండనీ, ఇన్నాళ్లూ అమ్మా అని పిలిచినా, ఇప్పుడు బయటికి పో అని ఎట్టా అంటాను అనింది.

ఫోను తీసి సినిమా పెట్టమన్నాను. ఇన్నేళ్ల తర్వాత నేను మళ్లీ చూడడం అదే మొదటిసారి. రంగులు వెలిసిపోయి, బొమ్మ మీద గీతలు పాకుతున్నాయి. నన్ను అంత వణికించిన పొగ ఎవరో కింద కూర్చుని ఊదుతున్నట్టు తెలిసిపోతోంది. తలుపు కిర్రుమంటే నవ్వొచ్చింది. కానీ బంగళా, తోపు, చెలమ ఉన్న దిబ్బ కనపడుతుంటే నవ్వు పోయింది. ఆ బంగళా ఇప్పుడు లేదు. ఆ దిబ్బల్ని చదును చేసి రొయ్యల గుంటలు తవ్వినారు. ఇంతలో తెల్లచీర కట్టిన ఒక ఆడమనిషి చంకన బిందెతో దిబ్బ దిగి, నడుం కదలకుండా, బంగళా వైపు నడిచిపోయింది. “ఇది అమ్మ” అన్నాను. చెంగమ్మ ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. అట్టా ఎన్నిసార్లు చూసిందో. ఫోనులో ఈ సినిమా కింద చూసినవాళ్లు ఎవరెవరో రాసినారంట, దయ్యం గాల్లో తేలినట్టు పోతోంది, ఏం టెక్నిక్కో అని.

తర్వాత గుమ్మం బయట నిలబడే చోటు వచ్చింది. తెర మీద ఆ అరవ పిల్ల పెదవులు కదులుతున్నాయి. ముఖం చూడబాక, కళ్లు మూసుకుని విను అన్నాను. చెంగమ్మ కళ్లు మూసుకునింది. రోంత మంచినీళ్లుంటే పోస్తావా అక్కా అని ఆ చిన్న గదిలో తులసమ్మ చిన్నమ్మ అడిగింది.

వంటింట్లోంచి దివ్య చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి ముందర పెట్టింది. “పెద్దమ్మ ముందర నన్ను కూడా అక్కా అంటుండావేందిమా” అని నవ్వి, లోపలికి పోయింది.

చెంగమ్మ కళ్లు తెరిచి చెంబు వైపు చూసింది.  ఎన్నో ఏళ్లుగా పండగకీ పబ్బానికీ ఫోనులో వింటున్న చెంగమ్మ గొంతూ, ఇప్పుడు సినిమాలో వినపడిన గొంతూ ఒకటే. పక్కనే పెట్టుకుని కూడా నేను గుర్తుపట్టలేదు, ఎందుకంటే చిన్నమ్మ గొంతు ఎట్టా ఉండేదో నేను ఎప్పుడో మర్చిపోయినాను. నవ్వు వచ్చినా ఏడుపు వచ్చినా ఫోటో తీసుకునే కాలం ఇది. దివ్య ఫోనులో దివ్య ముఖాలే వేలకి వేలుంటాయి. మా చిన్నమ్మ ఇరవై ఏళ్లు బతికి, ఒక వీపునీ ఒక మాటనీ మిగిల్చి పోయింది. అది కూడా దయ్యం పేరు మీద.

చెంగమ్మ ఆ చెంబులో నీళ్లు తాగింది. ఫోను చాప మీద బోర్లించి పెట్టింది. “ముఖం ఎట్టా ఉండేదక్కా? నువ్వు చెప్తే చాలు” అనింది.

చెప్పడం మొదలుపెట్టినాను. కోలముఖం అన్నాను. కళ్లు పెద్దవి, మనల్నే చూస్తున్నట్టుండేవి అన్నాను. ఎడమ బుగ్గమీద చిన్న మచ్చ అంటూ ఆగిపోయినాను. చెంగమ్మ గోడ వైపు చూస్తోంది. నేను చెప్తున్నది ఆ పటంలో ముఖమే. కళ్లు మూసుకున్నాను. చెలమ గట్టు వచ్చింది, బిందె వచ్చింది, కొబ్బరిచిప్ప వచ్చింది, వాటి పక్కన కూర్చుని నాతో మాట్లాడుతున్న మనిషికి మాత్రం ఆ అరవ పిల్ల ముఖమే ఉంది. ఎప్పుడు మారిపోయిందో తెలియదు. నాకు తెలియకుండానే ఆమె లోపలికి వచ్చి తలుపు వేసుకునింది. మా చిన్నమ్మ బయటెక్కడో నిలబడి ఉంది.

“ముఖం గుర్తులేదు చెంగమ్మా” అన్నాను. 

ఆమె నన్ను ఓదార్చలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. “చేతులు?” అనింది.

చేతులు గుర్తున్నాయి. కుడిచేతి చూపుడువేలికి వల తాడు కోసిన గాటు ఉండేది. నాకు జడ వేసేటప్పుడు ఆ గాటు నా మెడకి గరుగ్గా తగిలేది. అక్కణ్ణించి మొదలుపెట్టినాను.